ఎండలో ఎన్ని గంటలు

విత్తనపు శనక్కాయ ఒలవడమంటే తినే కాయ ఒలిచినట్టు కాదు. పప్పు మీది ఎర్రపొర చిట్లకూడదు, మొలక వచ్చే ముక్కు విరగకూడదు. ముందురోజు సాయంత్రమే కాయల మీద నీళ్ళు చిలకరించి గోనెపట్టా కప్పిపెట్టాలి. తెల్లారి బొటనవేలితో కొసన అదిమితే కాయ టప్పుమని నోరు తెరవాలి. ఆ టప్పు కృపమణికి బుద్ధెరిగినప్పటినుంచీ తెలుసు. కాకపోతే అప్పుడు ఆ పని వీధిలో, గోడ వారన, పదిమంది ఆడవాళ్ళ మాటల మధ్య జరిగేది. ఇప్పుడు ఆమె ఇంట్లో తలుపు వారగా వేసుకుని, బల్బు కింద ఒలుస్తోంది.

ఎదురుగా ఆరేళ్ళ కూతురు రెజీనా చాటలో పుచ్చుపప్పులు ఏరుతోంది. మణికట్ల దాకా చేతులున్న చొక్కా, మడమల దాకా పాంటు. ఆ గుడ్డల కింద మోచేతుల దగ్గర, మోకాళ్ళ మీద, నడుము చుట్టూ ఎర్రటి మచ్చలున్నాయి. వాటి మీద తెల్లటి పొలుసులు లేచి, గీరితే బూడిదలా రాలతాయి. అది అంటుకునే జబ్బు కాదని కడప డాక్టరు చెప్పాడు. ఆ సంగతి కృపమణికి తెలుసు. ఊరికి తెలియదు. ఈస్టరు నాడు చర్చి ముందర పిల్లలు చేతులు పట్టుకుని వరసగా నిలబడినప్పుడు ఒకామె వచ్చి, తన కూతురి చేతిని రెజీనా చేతిలోంచి లాగి, కొంగుతో తుడిచింది. ఒక్క మాట అనలేదు. తుడిచింది, అంతే. ఆ రోజు నుంచి కృపమణి బిడ్డను గడప దాటనివ్వలేదు. బడి తెరిచారు. వానలు వచ్చాయి, పోయాయి. నవంబరు చలి మొదలైంది. తలుపు వారగానే ఉంది.

"మా, కాళ్ళు గుంజుతాండాయి," అంది రెజీనా.

"కూర్చోని కూర్చోని పట్టుకోనుంటాయిలే. కొంచెం చాపుకో."

తలుపు కిర్రుమంది. ఊరి ఆశా వర్కరు నాగలత తల లోపలికి పెట్టింది.

"ఏమ్మే కృపమణీ, పట్టపగలు బల్బేసుకోని కాయలు ఒలుస్తాండావే! కరెంటోళ్ళు నీకు చుట్టాలా?"

"గాలికి పొట్టు ఎగరతాది లేక్కా. రా, కూర్చో."

"కూర్చునే తీరిక యాడుండాది? శుక్రవారం పాపను వేంపల్లె క్యాంపుకు తోలుకోని రావల్లంట. రక్తం మళ్ళా తీస్తారంట."

కృపమణి బొటనవేలు కాయ మీదే ఆగింది. "యాల? రెండు వారాలు గూడా కాలేదు గదా తీసి."

"ఆ తీసిందే తేడా కొట్టింది." నాగలత గడప మీదే చతికిలబడింది. తీరిక లేదన్న మాట అప్పుడే మరిచిపోయింది. "కర్నూలు మేడం సుచరితమ్మ ఉండాది గదా, ఈ పొలుసుల జబ్బుకూ డి విటమినుకూ ఏం సంబంధమని చూస్తాండే ఆయమ్మ. ఎండ తగిలితే ఒంట్లో తయారయ్యేదంట ఆ విటమిను. ఇరవైకి పైన ఉండల్లంట. నీ బిడ్డకు ఆరుందంట. కాగితంలో చూస్తే రోజుకు నాలుగు గంటలు ఎండలో ఉంటాదని రాసుండాది. నాలుగు గంటలు ఎండలో ఉండే పిల్లకు ఆరెట్ల వస్తాదని ఆయమ్మ అనుమానం. ముగ్గురు పిల్లోల్లవి అట్లనే ఒకదానికొకటి కుదరకుండా వచ్చినాయంట. రక్తం గొట్టాలు తారుమారు చేసినాడని ఓబుళేశన్న మింద పడినారు."

"ఓబుళేశన్న అంటే రక్తం తీసినాయనేనా?"

"ఆయప్పే. ముప్పై ఏండ్లుగా సూదులు పొడుస్తాండాడు, ఒక్క బిడ్డ గట్టిగా ఏడ్చింది లేదు. పై సారొకాయన వచ్చి అందరి ముందరా అడిగినాడంట, నీకు కండ్లు కనపడతాండాయా అని. ఈసారి రక్తంలో ఇరవై వచ్చిందనుకో, మొన్నటిది ఆయప్ప తప్పేనని తేలిపోతాది. ఇంటికి పొమ్మంటారు."

"మరి... నిజంగానే ఆరుంటే?"

"నిజంగా ఉంటే నీ బిడ్డను ఈ పరిశోధనలోంచి తీసేస్తారు. పదికి తక్కువుండే పిల్లోల్లను పెట్టుకోరంట. యాల అడగతాండావు?"

"ఊరికేక్కా."

నాగలత గుప్పెడు పప్పులు నోట్లో వేసుకుని, "విత్తనాలు తిన్నానని కాయలిచ్చిన రెడ్డికి చెప్పద్దు," అని నవ్వుతూ పోయింది. కృపమణి చేతిలోని కాయ నలిగింది. పప్పు రెండుగా చీలి, ముక్కు విరిగి, వేలికి అంటుకుంది.

రెండు వారాల కిందట వేంపల్లెలో బడి వరండాలో జరిగింది మొదటి క్యాంపు. బెంచీల మీద ఇరవై మంది తల్లులు. కాగితాలు రాసే అమ్మాయి గొంతు పెద్దది. "పాప రోజుకు ఎండలో ఎన్ని గంటలుంటుంది?" అని అడగ్గానే బెంచీల మీది తలలన్నీ కృపమణి వైపు తిరిగాయి. అంతకు ముందు ఒకామె మూడంది, ఒకామె ఐదంది. బిడ్డను ఏడు నెలలుగా ఇంట్లో దాచిపెట్టానని ఆమె ఏ నోటితో చెప్పేది? "పొద్దున లేస్తానే గోడకాడ కూర్చుంటాదమ్మా, నూనె పూసుకోని," అంది. "మళ్ళా సాయంత్రం బర్రెలు ఇంటికొచ్చేదాకా వీధిలోనే ఆట." మాటలు తడబాటు లేకుండా వాటంతటవే వచ్చాయి. "నాలుగు రాయనా?" అంది ఆ అమ్మాయి. రాయమంది.

కడపలో, ప్రొద్దుటూరులో పూతమందులు రాసి రాసి విసిగాక దొరికిన దారి ఇది. చుక్కలమందు ఇస్తారు, నెలనెలా చూస్తారు. ఇందులోంచి కూడా తీసేస్తే ఇంక బిడ్డనెత్తుకుని ఎక్కడికి పోవాలి?

బానలో నీళ్ళు తగ్గితే పోస్తాం. ఒంట్లో ఎండ తగ్గితే? బుధవారం, గురువారం. రెండు పూర్తి పగళ్ళున్నాయి. కృపమణి వేలికంటుకున్న పప్పును నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలింది.

*

బుధవారం పొద్దు పొడవగానే పెరటి తలుపు తెరిచింది. ఇంటి వెనక నాపరాళ్ళు నిలబెట్టి కట్టిన గోడ ఉంది. తూర్పు ఎండ నేరుగా దాని మీదే పడుతుంది. గోనెపట్టా పరిచి, గిన్నెలో ఆముదం గోరువెచ్చగా కాచి తెచ్చింది. రెజీనా చొక్కా విప్పబోతే బిడ్డ రెండు చేతులతో పట్టుకుంది.

"వద్దు మా. ఎవరన్నా చూస్తారు."

ఆ మాట ఆ నోటికి ఎవరు నేర్పారో కృపమణికి వేరే చెప్పక్కరలేదు. "ఎవరూ చూడరు. చూస్తే చూడనీలే," అంటూ చొక్కా తీసేసింది. వెలుతురు మొఖాన పడగానే రెజీనా కళ్ళు చిట్లించింది. కాసేపటికి ఒక కన్ను తెరిచింది. తన చేయి నీడ నేల మీద కనబడింది. చేయి ఊపింది. నీడా ఊపింది.

కృపమణి కాళ్ళు చాపుకుని, బిడ్డను తొడల మీద బోర్లా పడుకోబెట్టి నూనె అంటడం మొదలుపెట్టింది. మచ్చ ఉన్నచోట వేళ్ళు తేలిక చేసింది, లేనిచోట గట్టిగా రుద్దింది. ఎండకు నూనె వేడెక్కి వాసన లేచింది. ఆ వాసనతో అవ్వ వచ్చి పక్కన కూర్చున్నట్టయింది.

అవ్వ కాళ్ళు పొడుగు. ఒకేసారి ఇద్దరు బిడ్డల్ని వరసగా పడుకోబెట్టుకునేది. తన మనవరాళ్ళే కానక్కరలేదు, వీధిలో ఎవరి బిడ్డయినా సరే, ఆ కాళ్ళ మీదికి రావలసిందే. పక్కన విత్తనపు కాయల రాశి. తడిపిన గోనెల్లోంచి సన్నగా ఆవిరి లేచేది. ఆడవాళ్ళ చేతులు టప్పుటప్పుమంటూనే ఉండేవి, నోళ్ళు అంతకంటే ఎక్కువ. ఎవరి మొగుడు ఎవరి గడ్డివామిలో పడి నిద్రపోయాడో, ఏ కోడలు అత్తను తిట్టి అటుకలో దాక్కుందో, అన్నీ ఆ గోడ దగ్గరే తెలిసేవి. చిట్లిన పప్పులు పిల్లలవి. ఎదురింటి నీడ జరిగే కొద్దీ పిల్లలు బొగ్గుతో గీత గీసేవాళ్ళు. నీడ మూడో గీతకు చేరితే బడి గంట కొట్టినట్టే లెక్క. ఏ బిడ్డ ఒంటి మీద ఏ మచ్చ ఉందో ఎవరికీ పట్టేది కాదు. అందరూ నూనె ఒడుస్తూ నిగనిగలాడే ఒకే రంగు పిల్లలు.

"నన్ను గూడా అవ్వ ఇట్లనే రుద్దుతాండె," అంది కృపమణి. "నేను గింజుకుంటే వీపు మింద ఒకటి ఇస్తాండె. 'ఎండను తాగవే బోడిముండా, ఊరికే వచ్చేది అదొక్కటే' అంటాండె."

రెజీనా కిలకిలా నవ్వింది. "బోడిముండా అంటే ఏంది మా?"

"నువ్వే."

"అవ్వ ఎండను తాగుతాండెనా?"

"చెంబుతో తాగుతాండె."

రెజీనా దోసిలి పట్టి, ఎండ నింపుకుని గటగటా తాగినట్టు చేసింది. మూతి తుడుచుకుంది. చాన్నాళ్ళకు విన్న ఆ నవ్వుకు కృపమణి చేతులు ఆగిపోయాయి. తర్వాత బిడ్డ అడిగిన మాటకు ఆ చేతులు అట్లాగే ఉండిపోయాయి.

"నువ్వు గూడా బడికి పోకుండా ఈడనే కూర్చుంటాంటివా మా?"

"లేదు. నేను బడికి పోతాంటి. తొమ్మిది దాకా పోయినా."

"మరి నేను?"

"ముందు ఒళ్ళు బాగు కానీ."

తొమ్మిదిన్నరకు గోడ నీడ పొట్టిదైంది. కృపమణికి తెలుసు, అవ్వయితే ఇప్పుడు లేపి, ఉడుకునీళ్ళు పోసి, నీడలోకి తోలేది. కానీ అవ్వకు శుక్రవారం లేదు. "ఇంగొంచేపు ఉండు," అంది. పదయింది. పదకొండయింది. కాయల చాట బయటికే తెచ్చుకుని ఒలుస్తూ కూర్చుంది. చెమట కారి నూనెలో కలిసింది. రెజీనా నవ్వు ఎప్పుడో ఆగింది. "దాహం మా," అంటే నీళ్ళిచ్చి మళ్ళీ అక్కడే కూర్చోబెట్టింది. సాయంత్రానికి బిడ్డ భుజాలు కందిపోయాయి. మచ్చల అంచులు నిప్పుకణికల్లా ఎర్రబడ్డాయి. చొక్కా తగిలితే చాలు, కేకపెట్టింది. కృపమణి కొబ్బరినూనె రాస్తూ, "అయిపోయింది తల్లీ, రేపొక్క దినం," అని తనకు తానే చెప్పుకున్నట్టు చెప్పింది.

గురువారం బిడ్డను నీడలోనే ఉంచుదామనుకుంది. భయమేసింది. కానీ రెజీనాయే పెరటి తలుపు దగ్గర నిలబడి, "బోడిముండ ఎండ తాగల్ల గదా," అంది. పలుచటి పాత చీర ముక్క భుజాల మీద కప్పి, గోడ పక్కన కూర్చోబెట్టింది. బిడ్డ చీమల వెంట దోగాడింది. గోడకు బొగ్గుతో గీతలు గీసింది. పక్కింటి మేకపిల్లను పేరుపెట్టి పిలిచింది. ఆ పేరు ఎవరు పెట్టారంటే తనే పెట్టానంది. ఏడు నెలలుగా కిటికీ సందులోంచి చూసి, పేరు పెట్టుకుని ఉంచుకుందట.

మధ్యాహ్నం భర్త శామ్ ఫోన్ చేశాడు. ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ళు పాలిష్ పట్టే యార్డులో పని అతనికి. ఆదివారాలే ఇంటికి వస్తాడు. మిషన్ రొదలో అరుస్తున్నాడు.

"పాప ఏం చేస్తాంది?"

"ఎండలో ఆడుకుంటాంది."

ఆ పక్క రొద ఆగింది. మిషన్ ఆపినట్టున్నాడు. "ఏమన్నావు?"

"బయట ఆడుకుంటాంది అంటాండా."

"నిజమా?" అన్నాడు. "సరే అయితే. సరేలే. చెప్పులేసుకోమను, ముండ్లుంటాయి."

ఫోన్ పెట్టేశాక కృపమణి గోడకు వీపు ఆనించి కూర్చుంది. చిన్నప్పటి గోడ ఇది కాదు, ఆ ఊరు ఇది కాదు. అయినా వీపుకు తగిలే రాతి వేడి అదే.

*

శుక్రవారం వేంపల్లె బడి వరండా నిండా జనం. లోపలి గదిలో సుచరితమ్మ, బయట బల్లల దగ్గర మిగతావాళ్ళు. ముందు రక్తం, ఆ తర్వాత మేడం గదిలోకి వరస. రక్తం తీసే కుర్చీలో ఓబుళేశు లేడు. నిన్నగాక మొన్న చదువు ముగించినట్టున్న ఒకమ్మాయి కూర్చుని ఉంది. రెజీనా చేతికి రబ్బరుపట్టీ కట్టి సూది గుచ్చింది. నరం దొరకలేదు. మళ్ళీ గుచ్చింది. రెజీనా కెవ్వుమంది.

"ఆ తాతే తీయల్ల! ఆ తాత తీస్తే నొప్పి లేదు!"

అప్పుడు చూసింది కృపమణి. వరండా చివర చిన్న స్టూలు మీద ఓబుళేశు కూర్చుని ఉన్నాడు. అహోబిలం పక్క మనిషి, నుదుట చిన్న నామం, చెవుల మీద నెరిసిన వెంట్రుకలు. అతని ముందు ఖాళీ గొట్టాలు, పేర్ల చీటీలు. చీటీ తీసి కళ్ళద్దాలకు దగ్గరగా పెట్టుకుని చదువుతాడు. కాగితంలో పేరు మీద వేలుపెట్టి మళ్ళీ చదువుతాడు. అంటించి, వెలుతురుకు పట్టి, మూడోసారి చదువుతాడు. ముప్పై ఏళ్ళు కళ్ళు మూసుకుని చేసిన పని అది. ఇప్పుడు ఒకటో తరగతి పిల్లాడు అక్షరాలు కూడబలుక్కున్నట్టు పెదవులు కదులుతున్నాయి. పక్కనే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డ పై సారు, "నిదానంగా చదువప్పా ఓబుళేశూ, తొందరేం లేదు. మాకు రాత్రి దాకా పనే గదా," అన్నాడు. వరండాలో ఎవరో నవ్వారు. ఓబుళేశు తలెత్తలేదు. చీటీ మాత్రం వంకరగా అంటుకుంది. గోటితో పీకి మళ్ళీ అంటించబోతే చిరిగింది.

మూడోసారికి నరం దొరికింది. నల్లటి ఎరుపు రక్తం గొట్టంలోకి సన్నగా ఎక్కుతుంటే కృపమణి చూసింది. రెండు దినాల ఎండ అందులో ఉంది. తానే కూర్చోబెట్టి, కందినా, ఏడ్చినా వదలకుండా నింపింది. కర్నూలుకు పోతే ఇరవై వస్తుంది. బిడ్డ పేరు కాగితంలో నిలుస్తుంది. ఆ ఇరవయ్యే ఓబుళేశును ఇంటికి పంపుతుంది.

రెజీనా మోచేతిలో దూది పెట్టి మడిచి, కృపమణి బిడ్డతో మేడం గదిలోకి నడిచింది.

సుచరితమ్మకు నలభై ఏళ్ళుంటాయి. బల్ల మీద కాగితాలు, వాటి మీద బరువుకు ఒక నాపరాయి ముక్క. "కూర్చోమ్మా. ఇదేంది, పాప భుజాలు ఇట్ల కందిపోయినాయి?"

చెప్పదలుచుకున్నది వేరు. నోట్లోంచి వచ్చింది వేరు. "ఓబుళేశన్నది తప్పు లేదు మేడం."

"ఏం?"

"గొట్టాలు మారలేదు. ఆరే నిజము. ఈ పొద్దు తీసిందే అబద్ధము."

సుచరితమ్మ కలం కింద పెట్టింది. తలుపు తెరిచే ఉంది. బయట బెంచీ మీది మాటలు సన్నగిల్లాయి. కృపమణికి ఆ సంగతి తెలిసింది. తెలిసినా ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు.

"పాప బయటికి రాక ఏడు నెలలైంది. మచ్చలు ఎవరన్నా చూస్తారని నేనే దాచిపెట్టినా. మొన్న మీరు పిలిపించినారని తెలిసినాంక రెండు దినాలు ఎండలో కూర్చోబెట్టినా, రక్తం కాగితానికి సరిపోవల్లని. బిడ్డ ఏడ్చినా లేపలేదు. ఇప్పుడు ఇరవై వస్తాది. దాన్ని చూసి ఆయప్పను తీసేయద్దండి."

"మరి నాలుగు గంటలని ఎందుకు చెప్పినావు? గోడ, నూనె, బర్రెలు... మా అమ్మాయి పక్కన అంతా రాసింది."

కృపమణి తల వంచుకుంది. బొటనవేలి గోరు శనగపొట్టు రంగుకు మారి, అంచున చీలి ఉంది. దాన్నే చూస్తూ అంది: "ఆ నాలుగు గంటలు నావి మేడం. నా చిన్నప్పటివి."

సుచరితమ్మ లేచి వచ్చి రెజీనా ముందర గొంతుక్కూర్చుంది. భుజాలు చూసింది. మణికట్టు ఎముకను రెండు వేళ్ళతో పట్టి చూసింది, మోకాళ్ళు దగ్గరికి చేర్చి నిలబెట్టి చూసింది. "కాళ్ళు నొప్పి పెడతాయా పాపా?"

"గుంజుతాయి," అంది రెజీనా.

"ఎన్నాళ్ళ నుంచి?"

"శానా దినాల నుంచి."

ఆమె లేచి నిలబడింది. "రెండు దినాల ఎండకు రక్తం నిండదమ్మా. నెలలు పడుతుంది. ఈరోజు తీసినదాంట్లోనూ ఆరో, ఏడో, అంతే ఉంటుంది. మధ్యాహ్నపు ఎండలో కాల్చడం తప్ప నువ్వు చేసిందేం లేదు."

కృపమణికి సగమే అర్థమైంది. "అయితే తీసేస్తారా మేడం? బిడ్డను?"

"తీసేస్తాను."

"మందు గూడా..."

"విను. నా దగ్గర రెండు రకాల సీసాలున్నాయి. ఒకదాంట్లో విటమిను ఉంటుంది, ఇంకోదాంట్లో ఉట్టి నూనె. రెండూ ఒకే తీరుగా ఉంటాయి. ఏ బిడ్డకు ఏది పోతుందో ఆర్నెల్ల దాకా నాకు గూడా తెలీదు. అట్ల చేస్తేనే మందు నిజంగా పనిచేస్తుందో లేదో తేలేది. మొదట్లో కాగితం చదివి వినిపించినారు గదా."

వినిపించారు. ఆరోజు కృపమణి తల ఊపింది. వేలిముద్ర వేయించుకోబోతే తొమ్మిది దాకా చదివినానని చెప్పి సంతకం చేసింది. బిడ్డకు మందు దొరుకుతుందన్న ఒక్క మాటే చెవిలో మిగిలింది.

"అందుకే పదికి తక్కువుండే బిడ్డల్ని ఇందులో పెట్టకూడదు. ఆరున్న బిడ్డకు ఆర్నెల్లు ఉట్టి నూనె పోస్తే అది పాపం. అట్లాంటి వాళ్ళకు ఈరోజే అసలు మందు మొదలుపెట్టాల. తీసేసేదే మందియ్యడానికమ్మా."

ఇన్ని రోజులూ కృపమణి ఏ తలుపు మూసుకుపోకుండా చేతులడ్డం పెట్టిందో, ఆ తలుపు వెనక ఉట్టి నూనె సీసా ఉండి ఉండొచ్చు.

"మచ్చలు పోతాయా మేడం?"

సుచరితమ్మ ముఖంలో అలసట కనబడింది. "తెలీదు. ఎముకలకు బలమొస్తుంది. కాళ్ళ నొప్పి తగ్గుతుంది. అది చెప్పగలను. మచ్చల సంగతి తెలుసుకోవాలనే ఈ కాగితాలన్నీ." ఆమె రెజీనా కాగితం తీసి, నాలుగు అంకె మీద కలం పెట్టి, కొట్టేయకుండా ఆగింది. "ఈ ప్రశ్న రాసింది నేనే. మాది ఎమ్మిగనూరు. మా అమ్మావాళ్ళు వీధిలో మగ్గం నూలు పడుగులు సాగదీసేటప్పుడు నేను వాటి కిందుగా దూరి ఆడుకునేదాన్ని. మా అమ్మ కొట్టినా ఇంట్లోకి పోయేదాన్ని కాదు. ఈ సీమలో ఏం తక్కువున్నా ఎండకు తక్కువుండదని, లెక్క కోసం ఊరికే ఒక గడి పెట్టినా. వరండాలో పదిమంది ముందర అడిగితే ఏ తల్లి ఏం చెబుతుందో నాకు తోచలేదు." కలం కదిలింది. "నిజంగా ఎన్ని గంటలు?"

"రాయడానికేం లేదు మేడం."

ఆమె సున్నా చుట్టింది. ఆ తర్వాత బయటికి చూసి, "ఓబుళేశన్నా," అని పిలిచింది. "ఆ చీటీలు ఆ అమ్మాయికిచ్చి మీ కుర్చీలో కూర్చోండి. సారుతో నేను మాట్లాడతాను."

ఓబుళేశు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అంతా విన్నట్టే ఉంది. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు, చాలాసేపు తుడిచాడు.

"తప్పయిపోయింది అన్నా," అంది కృపమణి.

"ఆ మాటేదో మొన్ననే చెప్పింటే నాలుగు ముద్దలు సంగటి తినింటి గదమ్మా," అన్నాడతను. కోపమూ ఉంది, కోపం కానిదీ ఉంది. "మా ఇంటిదయితే, కండ్ల ఆపరేషన్ చేయించుకోపో అని మూడు దినాలుగా నన్ను ఒకటే సతాయింపు. ఇప్పుడు పోయి దానికేం చెప్పల్ల?" అద్దాలు పెట్టుకుని రెజీనా మోచేతి వైపు చూశాడు. "మూడు పోట్లా? ఏం పాపా, నిన్ను జల్లెడ అనుకున్నారా?"

రెజీనా ఏడుపు మొఖంతోనే నవ్వింది.

వాళ్ళు మందు చీటీ పట్టుకుని గది బయటికి వచ్చారు. బెంచీ మీది ఆడవాళ్ళు చూపులు తిప్పుకున్నారు. ఒకామె తిప్పుకోలేదు. చివరన కూర్చున్న చిన్నవయసు మనిషి, పెద్ద అంచు చీర, మెడలో నల్లపూసలు. వేంపల్లె బజారులో బట్టల అంగడి శెట్టిగారి కోడలట, పేరు శ్రీదేవి. నాగలత అంతకుముందే చెప్పింది, కాగితాలు కుదరని ముగ్గురిలో ఆమె కొడుకు ఒకడని. ఆ పిల్లవాడు టోపీ, స్వెట్టరు, మేజోళ్ళలో మునిగి ఆమె ఒడిలో కూర్చుని ఉన్నాడు. ఇటు తిరిగితే చెవి వెనక ఎర్రగా, పొలుసుగా కనబడింది. ఆమె చెయ్యి వెంటనే టోపీని కిందికి లాగింది. లాగిన చెయ్యి అక్కడే ఆగింది.

"తర్వాత ఎవరు?" అని లోపలి నుంచి సుచరితమ్మ పిలిచింది.

ఓబుళేశు తన కుర్చీలో కూర్చోబోయినవాడల్లా ఆగి, మేడం గది తలుపు పక్కనున్న బెంచీని రెండు చేతులా ఎత్తి, వరండా ఆ చివరకు మోసుకుపోయాడు. దాని మీద కూర్చున్న వాళ్ళు గొణుక్కుంటూ వెంట నడిచారు. "ఈడ ఇరుగ్గా ఉండాది, ఆడ కూర్చోండమ్మా," అన్నాడు. తలుపు దగ్గర ఇరుకేమీ లేదు. ఆ చివర కూర్చుంటే గదిలో మాట వినబడదు, అంతే.

శ్రీదేవి లేచింది. రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగి, ఎవరి బిడ్డో, ఏ ఊరో తెలియని కృపమణి దగ్గరికి వచ్చింది. గొంతు బాగా తగ్గించింది.

"అక్కా, నేను ఐదు గంటలని రాయించినా."

కృపమణి ఆ పిల్లవాడి మేజోళ్ళ వైపు చూసింది.

"మా అత్త ఇంట్లో ఉండాది. తెలిస్తే..." మాట మింగేసింది. "నువ్వు గూడా లోపలికి రాకూడదా? నేనొక్కదాన్నే చెప్పలేను."

బస్సు పదకొండున్నరకు. ఒలవాల్సిన కాయలు ఇంట్లో తడిసి ఉన్నాయి, ఈ పూట ఒలవకపోతే బూజు పడతాయి. కృపమణి మందు చీటీని జాకెట్లో దోపుకుంది. శ్రీదేవి కొడుకు మేజోళ్ళ కాళ్ళను వేలాడేసుకుని రెజీనా వైపే చూస్తున్నాడు. రెజీనా తన కందిపోయిన భుజం మీది చీరముక్క పక్కకు తీసి, "నేను ఎండ తాగినా, చూడు," అని వాడికి చూపిస్తోంది.

"పద," అంది కృపమణి. "ముందు ఆ టోపీ తీసెయ్యి. ఉడుకుతాంది పిల్లోనికి."